ఒకటి మీద ఒకటి రాస్తే

ఆ ల్యాబ్‌లో అందరూ ఆమెను అక్క అని పిలిచేవారు. పిలుపుకు వరస కలవాలి కదా, అందుకని ఆమె మొగుణ్ణి బావగారు అన్నారు. పన్నెండేళ్ళుగా అదే ల్యాబ్‌లో, అదే బల్ల దగ్గర కొలతలు తీస్తున్న మనిషికి సొంతంగా ఒక పిలుపు కూడా లేకుండా పోయింది. బావగారు పైకి నవ్వేవారు. లోపల మాత్రం ఆ పిలుపు విన్నప్పుడల్లా చెప్పులో రాయి ఉన్నట్టుండేది.

పని పంపకం ఇలా ఉండేది. రేడియో బోర్డు మీదున్న చిప్ ఏం చేయాలో రాసేది అక్క. చిప్ చెప్పిన మాట విన్నదో లేదో సిగ్నల్ కొలిచే ఎనలైజర్ తెర మీద చూసి, కాగితం మీద టిక్కు పెట్టేది బావగారు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా బోర్డు గడప దాటదు. ఆ మాట మేనేజరూ అనేవాడు, అక్కా అనేది. ఇంట్లో ఉన్న అత్తగారు మాత్రం వచ్చిన చుట్టాలందరి ముందూ, "వండేది మా అమ్మాయి, ఉప్పు చూసేది మా అల్లుడుగారు" అని చేతులు తిప్పుతూ చెప్పేది. ఆవిడకు నోరు ఊరుకోదు తప్ప కల్మషం లేదు. అల్లుడంటే ప్రాణం కూడాను. కానీ నవ్వులాటకు అన్న మాటనైనా ఏళ్ళ తరబడి మోస్తే బరువెక్కుతుంది. బావగారు మోశారు, ఎక్కడా దించుకోలేదు.

ఆ ఏడాది ల్యాబ్‌లో లీడ్ కుర్చీ ఖాళీ అయింది. కొత్త బోర్డును కొనేవాళ్ళకు చూపించి ఒప్పించాక, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో చెబుతానన్నాడు మేనేజరు. చెప్పడానికేముంది, గోడకున్న గడియారానికి కూడా తెలుసు అది అక్కదేనని. బోర్డు ఆమె చేతిలో పుట్టింది. ఇక తన సెలవు చీటీ మీద పెళ్ళాం సంతకం చేయాలన్నమాట. ఆ ఊహ వచ్చినప్పటినుంచి బావగారికి తిండి సహించలేదు.

బోర్డు మీది చిప్ కొత్తది. దాని పని చెప్పుకోవడం కష్టమేమీ కాదు. మనిషి మాట అంకెలుగా మారి నెమ్మదిగా లోపలికి వస్తుంది. ఆ అంకెల మధ్య ఖాళీల్లో చిప్ తనే లెక్కగట్టి మరిన్ని అంకెలు నింపుతుంది. తర్వాత తన లోపల పుట్టించుకున్న ఒక వేగమైన అలతో వాటిని గుణిస్తుంది. దాంతో మాట మొత్తం పై ఫ్రీక్వెన్సీకి ఎక్కి కూర్చుంటుంది. చివరికి అంకెలు కరెంటై తీగలోకి దిగుతాయి. ఎంత పైకి ఎక్కించాలో చిప్‌కు ఒక పెద్ద అంకెగా చెప్పాలి. ఆ అంకె ఒక గడిలో పట్టదు కాబట్టి ఆరు గడుల్లో ముక్కలు చేసి రాయాలి. రాస్తుండగానే చిప్ సగం కొత్తది, సగం పాతది పట్టుకుని ఎక్కడికో పోకుండా, ఇక మారు అని చెప్పడానికి ఏడో గడి ఒకటుంది. అందులో ఒకటి వేస్తే ఆరు ముక్కలూ ఒక్కసారిగా అమల్లోకి వస్తాయి. అక్క రాసిన ప్రోగ్రాం సరిగ్గా అదే చేసేది. ఆరు గడులు నింపి, ఏడో దాంట్లో ఒకటి వేసేది.

డెమో గురువారం. మంగళవారం మధ్యాహ్నం బావగారు ఒక్కరే కూర్చుని కొలుస్తున్నారు. అక్క పెట్టిన పద్ధతి ప్రకారం ప్రతి కొలతకూ ముందు చిప్‌ను రీసెట్ చేసి మొదటినుంచి మొదలుపెట్టాలి. "ఎంగిలి గిన్నెలో వండకూడదు" అనేది ఆమె. ఆ పూట బావగారికి బద్ధకం వేసింది. రీసెట్ చేయకుండానే కొత్త ఫ్రీక్వెన్సీ పంపారు. సిగ్నల్ ఉన్నచోట తెర మీద నిలువుగా లేచే గీతను వాళ్ళు పీక్ అంటారు. ఆ పీక్ కదల్లేదు.

కేబుల్ మార్చారు. ఎనలైజర్ ఆపి మళ్ళీ పెట్టారు. చిప్‌లో ఏముందో చదివి చూస్తే ఆరు గడుల్లోనూ కొత్త అంకే ఉంది. తెర మీద మాత్రం పీక్ పాతచోటే మొండికేసి నిలబడింది. నాలుగు గంటలు దాంతో కుస్తీ పట్టి, చిప్ పుస్తకం ఆ చివరినుంచి ఈ చివరిదాకా తిరగేసి, అందరూ సంచులు సర్దుకునే వేళకు ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని పట్టుకున్నారు. ఏడో గడి సున్నానుంచి ఒకటికి మారే క్షణంలోనే చిప్ కదులుతుంది. వేసిన ఒకటి తనంతట తాను చెరిగిపోదు. మనమే సున్నా వేసి, మళ్ళీ ఒకటి వేయాలి. ఒకటి మీద ఒకటి రాస్తే చిప్ దృష్టిలో ఏమీ జరగనట్టే.

అక్క నాలుగేళ్ళు పాత చిప్‌తో పనిచేసింది. అందులో ఆ గడి తనంతట తానే సున్నా అయిపోయేది. చేతికి ఆ అలవాటు పట్టేసింది. ప్రతిసారీ రీసెట్ చేస్తుంది కాబట్టి గడి ప్రతిసారీ సున్నాతోనే మొదలయ్యేది, మొదటి ఒకటి పనిచేసేది, తప్పు బయటపడే సందే లేదు. ఆమె శుభ్రత దాచిన తప్పును ఈయనగారి బద్ధకం బయటికి లాగిందన్నమాట.

చెప్పడానికి బావగారు లేచారు కూడా. ఈ మాట ఆయన పక్షాన చెప్పాలి. పుస్తకంలో వేలు పెట్టుకుని రెండడుగులు వేశారు. సరిగ్గా అప్పుడే సోల్డరింగ్ చేసే ఆయన అక్క బల్ల దగ్గర నిలబడి, "అక్కా, కుర్చీ ఎక్కాక మా బావగారిని కాస్త చల్లగా చూసుకో" అన్నాడు. "ఇప్పుడు మాత్రం చూసుకోవట్లేదా?" అంది అక్క. ల్యాబంతా నవ్వింది. బావగారు కూడా నవ్వి, వెనక్కి వచ్చి, పుస్తకం మూసి సొరుగులో పెట్టేశారు. పరీక్షల కాగితం తీసి చూసుకున్నారు. నడుస్తుండగా ఫ్రీక్వెన్సీ మార్చే పరీక్ష అందులో లేదు. ఉన్నవన్నీ నెగ్గాయి. కాబట్టి అన్నిటికీ టిక్కులు పెట్టి సంతకం చేశారు. కాగితం మీద అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడని ఊరికే అన్నారా!

బుధవారం రాత్రి భోజనాల దగ్గర అక్క కంచంలో వేళ్ళు పెట్టి కూర్చుంది.

"ఒక్కసారి గుర్తు తెచ్చుకో. నీకెక్కడైనా తేడా కనిపించిందా? ఎంత చిన్నదైనా సరే."

"అన్నీ టిక్కులే. కాగితం చూశావుగా."

"కాగితం కాదు, నువ్వు చెప్పు."

"ఏమీ లేదు. తిను."

"హమ్మయ్య. నువ్వు చూశావంటే నాకు ధైర్యం" అని ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది.

"చూశారా, ఉప్పు సరిపోయిందట" అంది అత్తగారు, గరిటె అందుకుంటూ.

బావగారి మీద జాలిపడాలని ఎవరికైనా అనిపిస్తే, ఆ మాటలన్నీ విన్నాక కూడా ఆయన రెండోసారి కూర వేయించుకున్నారని గుర్తుంచుకోవాలి. పడుకునే ముందు, రేపు ఎవరి ముందు ఏ రెండు అంకెలు కొట్టాలో మనసులో ఒకసారి కొట్టి చూసుకున్నారు కూడా.

గురువారం పదకొండింటికి కొనేవాళ్ళు వచ్చారు. కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే దళాలకు రేడియోలు అమ్మే సంస్థ వాళ్ళది. ఇద్దరిలో మాట్లాడింది తెల్లజుట్టు పెద్దాయన. అక్క బోర్డు పెట్టింది, ఫ్రీక్వెన్సీ పంపింది, పీక్ చెప్పినచోట చక్కగా లేచింది. చుట్టుపక్కల చెత్త గీతలేవీ లేవు. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని తెరకు దగ్గరగా వంగి చూసి, "చాలా శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. మేనేజరు మొహం విప్పారింది. అంతవరకూ ఆ ఉదయం అక్కదే.

"ఇప్పుడు ఆపకుండా పక్క ఛానల్‌కు మార్చండి. కొండ మీద మావాళ్ళు రేడియో ఆపి, మళ్ళీ పెట్టుకుని కూర్చోలేరు" అన్నాడు పెద్దాయన.

అక్క కొత్త అంకె పంపింది. పీక్ కదల్లేదు. ఆమె నవ్వి మళ్ళీ పంపింది. కదల్లేదు. చిప్‌లో ఆరు గడులూ చదివి తెర మీద పెట్టి, "కొత్త అంకె చేరిందండీ, చూడండి" అంది.

"చేరితే మారాలి కదా?"

"మారే ఉండాలి. ఎనలైజర్ ఆగిపోయిందేమో..." మొగుడివైపు తిరిగింది. "ఒకసారి చూడవూ?"

బావగారు తీరిగ్గా లేచారు. నొక్కక్కర్లేని బటన్లు నాలుగు నొక్కారు. తరవాత గదిలో చివరి కుర్చీకి కూడా వినపడేలా, "ఎనలైజర్ బాగానే ఉంది" అన్నారు.

అక్క ఆరు గడులూ మళ్ళీ చదివింది. మూడోసారీ చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "రీసెట్ చేసి చూపిస్తానండీ" అంటే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఆపకుండా అన్నానమ్మా. చిప్ ఏమనుకుంటోందో నాకక్కర్లేదు, ఏం చేస్తోందో కావాలి" అన్నాడు. వెంట వచ్చినాయన కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. అక్క చెవులు ఎర్రబడ్డాయి. కొట్టిన అంకెనే తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టింది. మేనేజరు ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ, "ఏం చేస్తున్నావ్? అసలు ఏం చేస్తున్నావ్?" అని పళ్ళ మధ్యనుంచి అడిగాడు. బావగారు గడియారం చూశారు. ఏడు నిమిషాలైంది. ఇంకాస్త కానీ అనుకున్నారు. చెమట పట్టిన చేతుల్ని ఆమె చీర కుచ్చెళ్ళకు తుడుచుకోవడం చూశారు. పదకొండు నిమిషాలయ్యాక, "ఒక్క క్షణం, నన్ను చూడనివ్వండి" అని ముందుకొచ్చారు.

ఏడో గడిలో సున్నా కొట్టారు. తరవాత ఒకటి కొట్టారు. పీక్ ఎగిరి కొత్తచోట వాలింది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అక్క. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా నవ్వుతూ కొట్టింది. మిగిలినవాళ్ళు ఆమె తరవాత కొట్టారు.

"ఎలా పట్టుకున్నారండీ?" అన్నాడు పెద్దాయన.

"చూస్తుంటే అలా తట్టింది" అన్నారు బావగారు.

కొనేవాళ్ళు ఒప్పుకుని వెళ్ళారు. వాళ్ళు మెట్లు దిగాక మేనేజరు అక్కను అందరిముందే నిలబెట్టాడు. "తప్పు ఎవరికైనా వస్తుంది. కళ్ళెదురుగా కనిపిస్తుంటే అంతా సరిగ్గానే ఉందని వాదించావే, అది నా కడుపు మండించింది. ఆయన లేకపోతే ఇవాళ మన గతేమిటి?" అన్నాడు. అక్క తలవంచుకుని, "నిజమే సార్" అంది. శుక్రవారం పొద్దున లీడ్ కుర్చీ బావగారికి ఇచ్చారు. మధ్యాహ్నానికి ల్యాబ్ ఆయన్ను సార్ అనడం మొదలుపెట్టింది.

ఇంటికెళ్ళే దారిలో ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "నాలుగు నెలలు పొద్దస్తమానం దాన్నే చూశాను. నాకు కనిపించనిది నీకు రెండు నిమిషాల్లో కనిపించింది. నీ దగ్గర ఇంత ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. క్షమించు" అంది. తిట్టినా బాగుండేది. బావగారు తేలు కుట్టిన దొంగలా గమ్మునుండిపోయి, చెయ్యి మాత్రం విడిపించుకోలేదు.

మొదటి వారం ఆయనకు తియ్యగానే గడిచింది, అబద్ధమెందుకు. రెండో వారంనుంచి ఇల్లు మారింది. అక్క తలుపు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూసేది. పొయ్యి ఆపి, ఆపానా అని తల్లిని అడిగేది. ల్యాబ్‌లో ఒక గడిలో అంకె రాసి, మూడుసార్లు చదివి, అయినా నమ్మకం కుదరక, "సార్, ఒకసారి కొలిచి చెబుతారా?" అని మొగుణ్ణి పిలిచేది. గంట పని రోజంతా పట్టేది. పక్కబల్లవాళ్ళు మొదట జాలిపడ్డారు, తరవాత విసుక్కున్నారు, ఆ తరవాత ఆమెకు పని ఇవ్వడం మానేశారు. లీడ్‌గా బావగారు ఆ సంగతి చూడాలి. చూశారు, ఏమీ అనలేదు.

ఒకరోజు అత్తగారు కంచం ముందు పెడుతూ గొంతు తగ్గించింది. "అల్లుడుగారూ, చదువుకునే రోజుల్లో ఇంట్లో రేడియో మొత్తం విప్పేసి, ఒక్క మర మిగలకుండా బిగించిన పిల్ల అది. ఇవాళ పంచదార డబ్బా మూత పెట్టానా అమ్మా అని అడుగుతోంది. ఆఫీసులో దాన్ని ఎవరేమన్నారు?"

"పని ఒత్తిడి అత్తయ్యా."

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఏం కనిపించిందో గాని, ఆ రోజునుంచి ఆయనతో పరాచికాలాడటం మానేసింది. కావలసినవన్నీ మర్యాదగా వడ్డించేది.

ఇంతలో ఇంకో బోర్డు వచ్చింది. చిప్ ఆ జాతిదే గాని వాడకం వేరు. ఇందులో మాట అద్దంలో బొమ్మలా ఎడమ కుడిగా తిరగబడి బయటికి వస్తోంది. దాన్ని సరిచేయడం లీడ్‌గారి వంతు. ఒక్కసారి తట్టిన మనిషి కదా, మళ్ళీ తడుతుందని మేనేజరు ధీమాగా ఉన్నాడు. మూడు వారాలు గడిచాయి. తట్టలేదు. ఒకరోజు ఫైలు ఇవ్వడానికి వచ్చిన అక్క తెరవైపు చూసి, "తిరగబడే వస్తుంది కాబట్టి, ముందే లోపల తిప్పి పంపాలేమో. ఆ ఫ్రీక్వెన్సీ అంకెకు మైనస్ పెడితే..." అంది. అంతలోనే తనే చెయ్యి ఊపేసి, "కాదులే, నాకేం తెలుసు" అని వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక బావగారు మైనస్ పెట్టి చూశారు. బొమ్మ తిన్నగా నిలబడింది. సాయంత్రం మేనేజరు భుజం తట్టి, "నువ్వు మామూలోడివి కాదయ్యా" అంటే, బావగారు మొహమాటంగా నవ్వారు. ఇంటికెళ్ళి అక్కతో ఆ ముక్క చెప్పలేదు. ఆ బోర్డు సంగతి ఆమె అడగనూ లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె ఆయన గదిలోకి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, ఎదురుకుర్చీలో కూర్చుంది. చేతిలో కాగితం ఉంది. ల్యాబ్ వదిలేసి, బోర్డులతో పాటు పంపే పుస్తకాలు అచ్చుకు సిద్ధంచేసే విభాగానికి మార్చమని రాసుకుంది. లీడ్ సంతకం కావాలి.

"అక్కడ తప్పు రాసినా ఎవరో ఒకరు దిద్దుతారు" అంది.

"తొందరపడుతున్నావేమో."

"లేదు. ఇక్కడ నాకు రోజూ భయం. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్తావా?"

బావగారు కుర్చీలో వెనక్కి జరిగారు. "అడుగు" అన్నారు.

"ఆ రోజు నీకెలా తట్టింది? నేనూ ఆ తెరే చూస్తున్నాను. గడులన్నీ సరిగ్గా ఉన్నాయి. చిప్ చెప్పిందే నమ్మాను. నువ్వు వచ్చి రెండు నిమిషాల్లో తేల్చేశావు. ఆ చూపు ఎలా వస్తుందో చెప్పు. ఎంత కష్టమైనా సరే నేర్చుకుంటాను. నేర్చుకుంటే వచ్చేదైతే ఈ కాగితం చింపేస్తాను."

ఆమె కళ్ళు ఆయన మొహం మీదే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ కిందట పరిచయమైన కొత్తలో, ఏదైనా అర్థం కానప్పుడు ఇలాగే చూసేది. ఒక్క మాట చాలు. తట్టలేదు, నాలుగు గంటలు పట్టింది, అదీ బద్ధకంవల్ల బయటపడింది, పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది, నీకు చెప్పకుండా రెండు రోజులు దాచాను. అంతే. ఆ మాట వింటే ఆమె ఈ కుర్చీలోంచి లేచి, ముందు ఆయన్ను చంపేసినంత పని చేసి, తరవాత తిన్నగా తన బల్ల దగ్గరికెళ్ళి కూర్చుంటుంది. ఆమెకు పోయిందంతా తిరిగొస్తుంది. పోయేదేదో ఆయనకే పోతుంది. బావగారు నోరు తెరిచారు. అద్దం గోడ అవతల మేనేజరు ఎవరికో ఈ గదివైపు చూపించి ఏదో గొప్పగా చెబుతున్నాడు.

"అది నేర్పితే వచ్చేది కాదు. కొందరికి ఉంటుంది, అంతే" అన్నారు.

ఆమె తల ఊపింది. "నేనూ అదే అనుకున్నాను" అని కాగితం ఆయన ముందుకు జరిపింది.

బావగారు సంతకం చేసి, కింద తేదీ వేశారు. అక్క కాగితం తీసుకుని తేదీ చూసుకుంది. ఇంకోసారి చూసుకుంది. తలుపుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఇవాళ్టి తేదీ ఇదేనా?" అని ఆయన్నే అడిగింది.